నీలం తిరిగిన బంగారు నీళ్ళు

బెంగళూరు,
12 ఫిబ్రవరి 2012

చిన్నమ్మకు సునీల వందనాలు.

నిన్న ఫోన్ చేస్తే "బాగనే ఉన్న బిడ్డా" అన్నావు. ఇంతలో నెత్తి మీద నుంచి విమానం పోయింది. దాని మోత తగ్గేసరికి నువ్వు ఫోన్ పెట్టేశావు. ఎయిర్‌పోర్టు గోడ పక్కన ఇల్లున్న వాళ్ళకు ఫోనులో సగం మాట మనది, సగం విమానానిది. అందుకే అమ్మ పోయాక నువ్వు నన్ను హాస్టల్లో వేసినప్పటి ఉత్తరాల పద్ధతికి మళ్ళీ వచ్చాను. పైగా ఫోనులో నువ్వెప్పుడూ బాగానే ఉంటావు. ఉత్తరంలో అయితే నాలుగు మాటలు ఎక్కువ చెప్తావు.

నేనిక్కడ ఏం చేస్తున్నానని ఎవరైనా అడిగితే డానీ "మా అక్క బంగారం పని చేస్తది" అంటున్నాడట. నీ కొడుకు పుణ్యాన చర్చి వాళ్ళంతా నేను నగల దుకాణంలో కూర్చున్నాననుకుంటున్నారు. వాడికి ఇది చదివి వినిపించు.

నువ్వు బట్టలుతికే హోటల్ వెనక తెల్ల దుప్పట్లు ఆరేస్తావు కదా, వాటి పక్కన ఒక నల్ల గొంగడి వేసి మధ్యాహ్నం చెయ్యి పెట్టి చూడు. ఎండ ఒకటే, కానీ గొంగడి కాలుతుంది. బంగారాన్ని కంటికి కనిపించనంత చిన్న రవ్వలుగా చేస్తే అవి గొంగడి కంటే ఆశగా వెలుగును తాగుతాయి. తాగిందంతా వేడి అవుతుంది. ఆ రవ్వలను ఎలుక ఒంట్లో ఉన్న క్యాన్సర్ గడ్డలోకి ఎక్కించి, బయటి నుంచి లేజర్ కాంతి పడేస్తాం. రవ్వలు ఉన్నచోటే వేడి పుడుతుంది, గడ్డ లోపల్లోపలే ఉడికిపోతుంది. పోయిన వారం ఒక ఎలుకకు గడ్డ మాడి పొక్కులా రాలిపోయింది చిన్నమ్మా. ఆ రోజు నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం.

ఒక చిన్న సీసా పంపుతున్నాను. అది బంగారమే. రవ్వ బాగా చిన్నదైతే బంగారం పసుపు వదిలేసి ఎర్రగా కనిపిస్తుంది. ఎలుకలకు వాడేది వేరే రకం, ఇది ఊరికే చూసుకోవడానికి. ఇందులో ఉన్న బంగారమంతా కూడేసినా ముక్కుపుల్ల రాదు. మూత తియ్యకుండా కిటికీలో పెట్టుకో.

నీ సునీల


శంషాబాద్,
4 మార్చి 2012

సునీలకు చిన్నమ్మ దీవెనలు.

సీసా క్షేమంగా చేరింది. దూదిలో చుట్టి డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ఇంకో డబ్బాలో పెట్టావు. పసిపిల్లకు కూడా ఇంత బందోబస్తు ఎవరూ చెయ్యరు. ప్రభు భోజనంలో ద్రాక్షారసంలా ఉందని పాస్టరమ్మ మురిసిపోయింది. డానీ మాత్రం "బంగారమంటివి, గిదేందే అమ్మా, షర్బత్ లెక్కున్నది" అన్నాడు. వాడికి ఎయిర్‌పోర్టులో క్యాబ్ తోలడం తప్ప ఏదీ ఆనదు.

నువ్వు చెప్పినట్టు హోటల్ వెనక తీగ మీద గొంగడి వేసి చూశాను. చెయ్యి చురుక్కుమంది. సూపర్‌వైజర్ వచ్చి "ఏంది ఎస్తేరమ్మా, గీ గొంగడేంది ఈడ" అన్నాడు. "సైన్సు సార్" అన్నాను. ఇంక మాట్లాడకుండా పోయాడు. ఇరవై ఏళ్ళు సండే స్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని, ఆ మాత్రం గొంతు నాకుంది.

నీ ఎలుక సంగతి మాత్రం మనసులో నుంచి పోవడం లేదు. దానికి నొప్పి పుట్టిందా? గడ్డ రాయిలా గట్టిగా ఉండి, వేలితో నూకినా కదలనిదైతే అది కూడా పోతుందా? ఆ లేజరే కావాలా, మన ఎండ సరిపోదా? మన ఎండ సంగతి నీకు తెలియంది కాదు. ఊరికే అడుగుతున్నాను. వీలైనంత తొందరగా రాయి.

చిన్నమ్మ


బెంగళూరు,
29 మార్చి 2012

చిన్నమ్మా,

మా సార్ కూడా నన్ను ఇంత మంచి ప్రశ్నలు అడగలేదు. నువ్వు పై చదువులు చదివి ఉంటే నా కుర్చీలో నువ్వే ఉండేదానివి.

ఎలుకకు మత్తు ఇస్తాం, నొప్పి తెలియదు. ఎండ సరిపోదు. ఎండ గొడుగంత మేర పరుచుకుని పడుతుంది, లేజర్ ఆవగింజంత చోట గుచ్చినట్టు పడుతుంది. పైగా ఆ రవ్వలు గడ్డ లోపల ఉండాలి, తోలు మీద ఉంటే ఏం లాభం.

నీకు మొదట సంబరం రాశాను కాబట్టి దుఃఖం కూడా రాయాలి. గడ్డ పోయిందనుకున్న ఎలుకల్లో కొన్నింటికి అంచుల దగ్గర మళ్ళీ మొలిచింది. రవ్వలు గడ్డ నడుమకు చేరాయి కానీ అంచులకు చేరలేదు. ఏడాది పని. సార్ "మళ్ళీ మొదటి నుంచి" అన్నారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టాను. ఇది మనుషుల దాకా రావడానికి ఇంకా ఎన్నేళ్ళు పడుతుందో ఎవరూ చెప్పలేరు. అయినా వదలను.

సునీల


శంషాబాద్,
13 మే 2012

సునీలకు,

ఎండలు మండుతున్నాయి. దుప్పట్లు ఇటు వేసి అటు తిరిగేసరికి ఆరిపోతున్నాయి. నేను ఈ మధ్య తీగ దగ్గర పని మానేసి ఇస్త్రీ దగ్గరికి మారాను. కుడి చెయ్యి పైకెత్తితే లాగుతుంది. వయసు మీద పడింది, ఏం చేస్తాం.

ఒక మాట అడగాలి. నువ్వు పంపిన ఎర్ర నీళ్ళు నీలం తిరిగాయి. ముందు వంకాయ రంగుకు వచ్చాయి, తర్వాత సిరా నీళ్ళలా అయ్యాయి. ఇప్పుడు అడుగున మడ్డి కూడా దిగింది. ఏదైనా చెడును గుంజుకుంటే ఇట్లా అవుతుందా? ఇది మంచికే అని నాకనిపిస్తుంది. ఇంకో సీసా పంపు. ఈసారి కొంచెం పెద్దది పంపితే బాగుంటుంది.

చిన్నమ్మ


బెంగళూరు,
24 మే 2012

చిన్నమ్మా,

బంగారు నీళ్ళు చెడును గుంజుకోవు. ఉప్పు తగిలితే నీలం తిరుగుతాయి. ఒక్కో రవ్వ చుట్టూ పల్చని పొర ఉంటుంది, దానివల్ల రవ్వలు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. ఉప్పు పడితే ఆ నెట్టుడు ఆగిపోయి అన్నీ గుంపు కడతాయి. గుంపు కడితే ఎరుపు పోయి నీలం వస్తుంది. మా ల్యాబ్‌లో కొత్త పిల్లలకు మొదటి రోజు చూపించే తమాషా ఇదే.

కానీ మూత బిగించి పంపాను. మూసిన సీసా ఏళ్ళ తరబడి ఎర్రగానే ఉంటుంది. ఆ మూత ఎవరు తీశారు? ఉప్పెక్కడి నుంచి వచ్చింది? డానీ పనే అయితే వాడి చెవి మెలిపెట్టు.

సునీల


శంషాబాద్,
3 జూన్ 2012

సునీలకు,

డానీ కాదు. పక్కింటి శివమ్మ. నా ఒంట్లో బాగా లేదని దిష్టి తీసింది. ఉప్పు దిగదుడిచి నీళ్ళలో వెయ్యాలంట కదా, చేతికి అందిన నీళ్ళు అవే. అంతకన్నా ఏమీ లేదు. ఇంకో సీసా పంపుతావా పంపవా, అది రాయి.

చిన్నమ్మ


బెంగళూరు,
11 జూన్ 2012

చిన్నమ్మా,

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు జ్వరం వస్తే, ఇదే శివమ్మ పెద్దమ్మ గుప్పెట్లో ఉప్పు పట్టుకుని మన గడప దాకా వచ్చింది. నువ్వు తలుపుకు అడ్డం నిలబడి "మా ఇంట్ల దిష్టి గిష్టి లేదు శివమ్మా, ప్రార్థన ఉన్నది. ఉప్పు పప్పులెయ్యి" అన్నావు. ఆమె ఏడాది పాటు మనతో మాట్లాడలేదు. ఆ ఎస్తేరమ్మ ఇప్పుడు దిష్టి తీయించుకుందంటే నేను నమ్మాలా? నీకు అబద్ధం చెప్పడం రాదు. వచ్చి ఉంటే కనీసం మన ఇంటికి నప్పే అబద్ధం చెప్పేదానివి.

డానీకి ఫోన్ చేశాను. వాడికేమీ తెలియదు. "అమ్మ రోజు పొద్దుగాల డాబా మీద ఎండల కూసుంటున్నదక్కా, ఎముకలకు మంచిదంట" అన్నాడు. అప్పుడు నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని వరుసగా చదివాను. వేలితో నూకినా కదలని గడ్డ. మన ఎండ సరిపోదా. చెయ్యి ఎత్తితే లాగుతుంది. ఇంకో సీసా, పెద్దది.

ఉప్పు చెమటలో కూడా ఉంటుంది చిన్నమ్మా.

గడ్డ ఎక్కడ ఉంది? ఎప్పటి నుంచి? ఎవరికైనా చూపించావా? జవాబు రాసినా వస్తాను, రాయకపోయినా వస్తాను. సార్‌ను సెలవు అడిగాను. రైలు టికెట్ తీసుకున్నాను.

సునీల


శంషాబాద్,
16 జూన్ 2012

బిడ్డా,

డానీ దోస్తు బెంగళూరుకు బండి తోలుకుని వస్తున్నాడు, అతని చేతికి ఇచ్చి పంపుతున్నాను. ఎదురుగా కూర్చుంటే ఇవన్నీ నా నోట రావు. నువ్వు బయలుదేరేలోగా చదువుకో.

కుడి రొమ్ములో ఉంది. క్రిస్మస్ ముందు స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. జనవరిలో చర్చిలో డాక్టర్ల క్యాంపు పెడితే చూపించాను, వాళ్ళు పట్నంలో పెద్ద దవాఖానకు పంపారు. ముక్క తీసి పరీక్ష చేశారు. నువ్వు అనుకుంటున్నదే. డానీకి చెప్పలేదు, వాడు బండి నడిపేటప్పుడు ఆలోచనలో పడితే ఎట్లా అని.

ఆపరేషన్ అన్నారు. దానికి నేను భయపడలేదు, నన్ను నమ్ము. ఆ తర్వాత సెలైన్లలో మందు ఎక్కిస్తారంట. దానికీ సరే అన్నాను. చివర్లో నర్సమ్మ "ఆ తర్వాత కరెంట్ పెట్టాలమ్మా, రోజు రావాలె" అన్నది. ఆ మాట దగ్గర నేను లేచి వచ్చేశాను.

మీ చిన్నాయన పోయినప్పుడు నువ్వు చిన్నదానివి, నిన్ను దగ్గరికి రానివ్వలేదు. వానలో పొలం బావి దగ్గర మోటరు స్టార్టరు మీద చెయ్యి వేశాడు. అంతే. స్నానం చేయించేటప్పుడు ఆ అరచేతులు నేను కడిగాను. పెనం మీద మాడిన రొట్టెలా ఉన్నాయి. తర్వాత ఆ పొలం ఎయిర్‌పోర్టులో పోయింది, బావి పూడ్చేశారు, ఇప్పుడు దాని మీద నుంచి విమానాలు లేస్తున్నాయి. అన్నీ పోయాయి కానీ ఆ అరచేతులు నా కళ్ళల్లో నుంచి పోలేదు. అటువంటి కరెంటు తెచ్చి నా రొమ్ముకు పెడతామంటే నేనెట్లా ఒప్పుకునేది? మనిషిని తిన్నదాని దగ్గరికే నన్ను బతికించమని పోవాలా?

సరిగ్గా అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. నీ దాంట్లో కరెంటు లేదు. వెలుగు, బంగారం, అంతే. దేవుడు మొదటి రోజు చేసింది వెలుగే కదా. నా బిడ్డ చేతుల మీదుగా ఆయనే పంపాడనుకున్నాను. నువ్వు ఎండతో కాదని రాశావు, చదివాను. చదివి కూడా, ఎలుకకు లేజర్‌తో అంత తొందరగా పోతే, మనిషికి ఎండతో మెల్లగా అయినా పని చేయకపోతుందా అనుకున్నాను. పాత ధోతి గుడ్డను ఆ నీళ్ళలో తడిపి గడ్డ మీద వేసుకుని డాబా మీద కూర్చున్నాను. అయిపోయాక పారబొయ్యడానికి మనసొప్పలేదు. బంగారం కదా. పిండి మళ్ళీ సీసాలోనే పోశాను. మర్నాడు మళ్ళీ అవే నీళ్ళు.

నీలం తిరిగినప్పుడు ఎంత సంతోషపడ్డానో నీకు తెలియదు. లోపలి విషం నీళ్ళలోకి దిగుతుందనుకున్నాను. నువ్వు ఉప్పు అని రాసిన రోజు చాలాసేపు ఆ సీసా పట్టుకుని కూర్చున్నాను. నా చెమటే అది. సిగ్గేసి శివమ్మ మీద పెట్టాను.

రా. కానీ కరెంటుకు మాత్రం నన్ను తీసుకుపోకు.

చిన్నమ్మ


బెంగళూరు,
18 జూన్ 2012

చిన్నమ్మా,

డానీ దోస్తు తిరుగు ప్రయాణంలో ఇది తెస్తాడు. దీని వెనకే నేను వస్తాను. నేను ఇంట్లో అడుగుపెట్టే లోపల నువ్వు రెండుసార్లు చదివి ఉండాలి.

మొదటి మాట. నా బంగారం నీకు పనికిరాదు. ఇవాళ పనికిరాదు, వచ్చే ఏడు పనికిరాదు. అది ఎలుకల్లోనే అంచుల దగ్గర ఓడిపోతున్నది. నా చేతుల్లో అది మనిషికి మందు అయ్యేదాకా నీ గడ్డ ఆగదు. ఈ మాట రాస్తుంటే నాకు ఒళ్ళు మండుతున్నది, నీ మీద కాదు, ఆ గడ్డ మీద. ఆరు నెలలు దానికి వదిలేశాం. ఇంకో రోజు ఇవ్వను.

రెండో మాట. అది కరెంటు కాదు, రేడియేషన్. జనం నోట్లో పడి దవాఖాన వాళ్ళు కూడా అట్లాగే అంటున్నారు. ఆ మిషన్‌కు కరెంటు కావాలి, నిజమే. నీ ఇస్త్రీ పెట్టెకూ కావాలి, మన చర్చి మైకుకూ కావాలి. మైకులో నుంచి నీకు చేరేది పాట, కరెంటు కాదు కదా. ఆ మిషన్‌లో నుంచి నీకు చేరేది వెలుగు. కంటికి కనిపించనంత వాడి వెలుగు. ఛాతీ ఫోటో తీసే ఎక్స్‌రే కూడా ఆ జాతే, ఇది దానికి అక్క. నా లేజర్ కూడా వాళ్ళ ఇంటిదే, బాగా చిన్న చెల్లెలు. నువ్వు వెలుగును నమ్మి డాబా మీద కూర్చున్నావు. నమ్మకం తప్పు కాదు, చోటు తప్పు.

నీ దగ్గర దాచను. తోలు నల్లబడుతుంది, కమిలినట్టు మండుతుంది, నీరసం వస్తుంది. అంతకుముందు ఎక్కించే మందుకు జుట్టు ఊడుతుంది. కానీ ఆ గదిలో బల్ల మీద పడుకుంటే ఏ తీగా నిన్ను తాకదు. నువ్వు ఏ స్విచ్ మీదా చెయ్యి వెయ్యవు. ప్రేమదాసు చిన్నాయనకు జరిగింది అక్కడ జరగదు. నా మాట మీద కాదు, నా చదువు మీద ఒట్టు. ఆ చదువు చెప్పించింది నువ్వే కాబట్టి దాని విలువ నీకు తెలుసు.

ఆదివారం ప్రార్థన అయ్యాక సంచి సర్దుకో. సోమవారం దవాఖానకు పోతున్నాం. డానీకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?

సునీల


శంషాబాద్,
20 జనవరి 2013

సునీలకు చిన్నమ్మ దీవెనలు.

ఆపరేషన్‌కు వచ్చి కూర్చున్నావు, సెలైన్లకు రెండుసార్లు వచ్చావు. కరెంటుకు కూడా వస్తానంటే నేనే వద్దన్నాను. నువ్వు పక్కన ఉంటే నీ చెయ్యి పట్టుకుని పోతాను, అది నా ధైర్యం కాదు, నీది. అందుకే ఒక్కదాన్నే పోయాను. డానీని బయట బెంచీ మీద కూర్చోబెట్టాను. వాడి ముఖం చూస్తే వైద్యం వాడికే అనుకుంటారు.

బెంచీ మీద నా పక్కన బుద్వేల్ ఆమె కూర్చుంది, పేరు అనంతమ్మ. ఆమెకు గొంతులో. జుట్టు లేని నా నెత్తి మీద కొంగు జారితే ఆమే సర్దింది. ఇద్దరం మంచీ చెడూ చెప్పుకుంటుంటే లోపలి నుంచి పిల్లవాడొకడు వచ్చి "కరెంట్ పెట్టుకునేటోళ్ళు తయారుగ ఉండుండ్రి" అని కేకేశాడు. అనంతమ్మ సంచి తీసుకుని లేచింది.

"యాడికి?" అన్నాను.

"ఇంటికి పోత. నాకొద్దు గీ కరెంటు. మా పాలోళ్ళ పిల్లగాడు ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఎట్ల పోయిండో చూసిన నేను."

ఆ మాట వింటే ఒక్క నిమిషం నా కాళ్ళు కూడా లేచాయి బిడ్డా, అబద్ధం ఎందుకు చెప్పాలి. తర్వాత ఆమె కొంగు పట్టుకున్నాను. "కూసో వదినా. అది కరెంటు గాదు, వెలుగు. మా బిడ్డ చదివింది గదే" అన్నాను.

"నువ్వు పెట్టిచ్చుకున్నవా?"

"లేదు. ఇయ్యాలే మొదలు."

"మరి నీకెట్ల తెల్సు?"

"నేను పోయొస్త. అందాక కూసో. వచ్చినంక నన్ను చూసి అప్పుడు పో" అన్నాను.

లోపల చల్లగా ఉంది. బల్ల మీద పడుకోబెట్టి, ఛాతీ మీద గీతలు గీసి, తలుపు వేసుకుని అందరూ బయటికి పోయారు. మిషన్ నా మీదుగా వంగింది. నువ్వు నేర్పినట్టు ఏ తీగా నా దాకా రాలేదని కళ్ళతో చూసుకున్నాను. తర్వాత కళ్ళు మూసుకున్నాను. జుమ్మని చిన్న చప్పుడు వచ్చింది, మన ఇంటి మీద పోయే విమానంలో వందో వంతు కూడా లేదు. మీ చిన్నాయన గుర్తొచ్చాడు. ఏడుస్తూనే పడుకున్నాను, కానీ కదలలేదు. కదలొద్దన్నారు కదా.

ఇక నీ సంగతి. నీ ఎలుకలకు ఈసారి అంచుల దాకా బంగారం చేరుతుందని డానీకి చెప్పావట. పూర్తిగా చేరేట్టు చెయ్యి. తొందరేమీ లేదని నేను అనను, తొందర ఉంది. ఆ దవాఖానలో బెంచీలన్నీ నిండి ఉన్నాయి. నీలం సీసా పారబొయ్యలేదు, కిటికీలోనే ఉంది. నువ్వు పంపిన కొత్త ఎర్ర సీసాను దాని పక్కన పెట్టాను. పనిలో విసుగొచ్చినప్పుడు ఆ రెండూ గుర్తు చేసుకో.

బయటికి వచ్చేసరికి అనంతమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని అక్కడే ఉంది. నన్నే చూస్తుంది. ఆమె ముందు నిలబడి రెండు చేతులూ చాపి అరచేతులు చూపించాను. ఆమె వాటిని పట్టుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది, వేళ్ళ సందుల్లో కూడా చూసింది. తర్వాత పిలుపు ఆమెదే. సంచి నా చేతికిచ్చి లోపలికి పోయింది.

నీ చిన్నమ్మ